పెద్దిరాజు మూడో చెయ్యి

రెడ్డిగూడెం,
8-2-1987.

చి. భారతికి,

ప్రకటన. రెడ్డిగూడెం కాపురస్తుడు, ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినవాడు, పదహారెకరాల మామిడితోట గుత్తదారు అయిన బసవపున్నారావు అనే నేను, ఒంటిమీద స్పృహ ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా లోకానికి తెలియజేస్తున్న సంగతులు మూడు. ఒకటి: మా మేక నిన్న నా ఎడమకాలి చెప్పు తినేసినందున, నేటి నుంచి కుడికాలి చెప్పు కూడా దానికే చెందును. రెండు: మీ అత్తయ్య పుష్పవతి నా మధ్యాహ్నం కాఫీ రద్దు చేసినందున, మధ్యాహ్నం అనే పూటనే నేను రద్దు చేశాను. మూడు: పోస్టుమాస్టరు సుబ్బారావు మన ఉత్తరాలు మనకంటే ముందు చదువుతున్నందున, ఇకమీదట ప్రతి ఉత్తరంలోనూ ఆయన క్షేమం కూడా అడగవలెను. సుబ్బారావుగారూ, తమరు క్షేమమా?

ఇక నీ సంగతి. మెడికల్ కాలేజీ పిల్లలు రోగి బాధ చెప్పడం, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు దానికి సాధనం తయారుచెయ్యడం, రెండు కాలేజీలూ కలిసి మే నెలలో ప్రదర్శన పెట్టడం, ఇదంతా మీ అత్తయ్యకి చదివి వినిపించాను. "మరి ఇన్నాళ్లూ విడివిడిగా ఏం చేశారంట?" అంది. జవాబు నువ్వే రాయి. నీకు జోడీగా పడిన వెంకటకృష్ణారావుది మన బాపులపాడేననీ, జోడీ అన్నది ప్రాజెక్టుకి మాత్రమేననీ రాసి, కింద గీత కూడా గీశావు. గీత గీయకపోతే నాకు అనుమానం వచ్చేది కాదు.

చెయ్యి లేని మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగావు. మన పెద్దిరాజే. చిన్నప్పుడు నువ్వు సెలవలకొస్తే చిటారుకొమ్మ నుంచి పండు తుంపి నీ గౌనులో వేసేవాడు, గుర్తుందా? పోయినేడు చెరుకు గానుగలో కుడిచెయ్యి పడింది. మణికట్టు పై దాకా తీసేశారు. నువ్వడిగిన కొలతలు దర్జీ టేపుతో తీశాను. మోచేతి నుంచి కొస దాకా ఎనిమిదిన్నర అంగుళాలు, కొస చుట్టూ ఆరూముప్పావు. "చొక్కా కుట్టిస్తున్నారా అండి?" అన్నాడు. "లేదు, చెయ్యి కుట్టిస్తున్నాం" అన్నాను. నవ్వలేదు.

అతను నవ్వకపోవడం గురించి నీకు చెప్పాలి. మా కోత ముఠాలో ఒక కట్టుబాటుంది. మే మొదట్లో తొలికోత నాడు, అప్పారావు మేస్త్రి ముందు ప్రతి కోతగాడూ చిక్కంతో పది కాయలు దించి చూపించాలి. చిక్కం అంటే తెలుసుగా, పొడుగాటి వెదురు గెడ, దాని కొసన కత్తి, కత్తి కింద వలసంచి. కాయ తొడిమతో తెగాలి, నేల తాకకుండా దిగాలి. తొడిమ ఊడితే సొన కారి కాయ మచ్చపడుతుంది. నేల తాకితే లోపల దెబ్బతిని గంపలో మిగతావాటినీ పాడుచేస్తుంది. పోయినేడు పెద్దిరాజు ఆస్పత్రిలో ఉన్నాడని ఊరుకున్నారు. వరసగా రెండో ఏడు కూడా దించలేకపోతే ముఠాలో అతని చోటు ఇంకొకడికి పోతుంది, మళ్లీ రాదు.

ఇరవై రెండేళ్లు చెట్టుమీదున్న మనిషి. ఇప్పుడు ఆడవాళ్ల మధ్య కూర్చుని గంపల్లో పరిచే గడ్డి దులుపుతున్నాడు. నా పరాచికాలకి కూడా నవ్వడం లేదంటే సంగతి ఎంత దూరం పోయిందో నువ్వే చూసుకో.

తొందరగా ఏదో ఒకటి చెయ్యండి. పూత బాగా వచ్చింది.

నీ మావయ్య,
బసవపున్నారావు.


విజయవాడ, లేడీస్ హాస్టల్,
22-2-1987.

మావయ్యకీ అత్తయ్యకీ నమస్కారాలు. సుబ్బారావుగారికి కూడా.

చెయ్యి తయారైంది! వచ్చే శనివారం నూజివీడు బస్సులో కండక్టరుకి ఇచ్చి పంపుతున్నాం. నూజివీడు బస్టాండుకి వెళ్లి తీసుకో. పదిహేను రోజులు వర్క్‌షాపులోనే ఉన్నాం. వెంకటకృష్ణారావు లోపల స్ప్రింగులు పెట్టి పైన రబ్బరు పోతపోశాడు. ఐదు వేళ్లూ ముడుచుకుంటాయి మావయ్యా! మోచేతి దగ్గరున్న మీట ఎడమచేత్తో నొక్కితే పట్టుకుంటుంది, ఇంకోసారి నొక్కితే వదులుతుంది. గోళ్లు కూడా పెట్టాం. గోళ్లకి ఆ లేతరంగు నా ఆలోచన. మా క్లాసువాళ్లు చూసి నిజం చెయ్యే అనుకున్నారు.

పెద్దిరాజుకి రోజూ గంటసేపు తొడిగించి, ఏం చెయ్యగలిగాడో, ఏం చెయ్యలేకపోయాడో రిపోర్టు రాసి పంపు. మా ప్రొఫెసర్ గారికి చూపించాలి. కాబట్టి దయచేసి, నీ కాళ్లు పట్టుకుంటాను, రిపోర్టులో హాస్యాలు వద్దు.

అత్తయ్య అడిగినదానికి జవాబు: ఇన్నాళ్లూ విడివిడిగా పరీక్షలు రాశాం.

ఇట్లు,
భారతి.


రెడ్డిగూడెం,
3-3-1987.

చి. భారతికి,

రిపోర్టు. హాస్యం లేనిది.

చెయ్యి శనివారం మధ్యాహ్నం నూజివీడు చేరింది. దారిలో కాగితం చినిగి నాలుగు వేళ్లు బయటికొచ్చాయి. వెనకసీటులో కూర్చున్న ఆవిడ చూసి కేక పెట్టింది. డ్రైవరు బస్సుని స్టాండులోకి పోనివ్వకుండా తిన్నగా పోలీస్‌స్టేషను ముందు ఆపాడు. నేను పరిగెత్తుకెళ్లేసరికి కానిస్టేబులు ఆ చేతికి పంచనామా రాస్తున్నాడు. "అయ్యా, అది మా మేనకోడలిదండీ" అన్నాను. ఆ వాక్యం అలా అనకూడదని తర్వాత తెలిసింది. అరగంట కూర్చోబెట్టారు.

ఊళ్లోకి రాగానే దాన్ని నా చొక్కా చేతిలోంచి బయటికి పెట్టి సుబ్బారావుగారికి షేక్‌హ్యాండ్ ఇచ్చాను. ఆయన పట్టుకున్నారు. నేను చెయ్యి ఆయన దగ్గరే వదిలేసి వచ్చేశాను. ఇందులో హాస్యం లేదు, ఆయన్నడుగు. రెండు రోజులు పోస్టాఫీసు తెరవలేదు.

పెద్దిరాజుకి తొడిగాం. వాళ్లావిడ నాగమణి, "అయ్యో, గోళ్లు నాకంటే బాగున్నాయే!" అంది. కాయలింకా పిందెలే కాబట్టి కొమ్మకి వంకాయలు కట్టి పరీక్ష పెట్టాం. గెడని రబ్బరుచెయ్యి బ్రహ్మాండంగా పట్టుకుంది. వంకాయ తెగింది, సంచిలో పడింది. ఇక్కడిదాకా బాగుంది. ఇప్పుడు గెడని కిందికి దించాలి కదా? ఒక చెయ్యి పట్టుకుంటే రెండోది వదిలి పైకి జరగాలి, మళ్లీ ఇది వదిలి అది పట్టాలి. రబ్బరుచెయ్యి వదలాలంటే ఎడమచేత్తో మీట నొక్కాలి. ఎడమచెయ్యి గెడ మీదుంది. అతను ఎడమచెయ్యి తీసి మీట నొక్కాడు, రెండు చేతులూ ఒకేసారి వదిలేశాయి. గెడ వచ్చి అప్పారావు మేస్త్రి వక్కాకు పెట్టె మీద పడింది. పెట్టె ఇప్పుడు పళ్లెం.

అప్పారావు, "ఒరే పెద్దిరాజూ, నీకు చెయ్యి వచ్చింది గానీ నా పెట్టె పోయిందిరా" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దిరాజు చెయ్యి విప్పి, తుడిచి, గుడ్డలో చుట్టి నాకిచ్చాడు. "పాపగారు కష్టపడ్డారండి. కానీ చెయ్యంటే పట్టుకోడానికే అనుకున్నారు. పట్టుకోవడం గోడకి కొట్టిన మేకు కూడా పట్టుకుంటదండి. వదలడం రావాలి" అన్నాడు. ఏడాదిలో అతను ఒక్కసారిగా ఇన్ని మాటలాడటం ఇదే మొదలు. అందుకని ఉన్నదున్నట్టు రాశాను.

నీ మావయ్య,
బసవపున్నారావు.


విజయవాడ,
12-3-1987.

మావయ్యకి,

నీ ఉత్తరం వెంకటకృష్ణారావుకి చూపించకుండా ఉండాల్సింది. చూపించాను. రెండు రోజుల నుంచి మెస్‌లో సరిగ్గా తినడం లేదు. వంకాయ కూర అసలు ముట్టుకోవడం లేదు.

మేము పదిహేను రోజులు కష్టపడి చేసింది నీకు సుబ్బారావుగారిని భయపెట్టడానికి పనికొచ్చింది. నలుగురి ముందు పరీక్షపెట్టి నవ్వితే ఏ రోగైనా ఏం నేర్చుకుంటాడు? మా పుస్తకంలో స్పష్టంగా ఉంది: కృత్రిమ అవయవాన్ని రోగి మొదట్లో ఒప్పుకోడు, ఓపిగ్గా అలవాటు చెయ్యాలి అని. పెద్దిరాజుకి అలవాటు చెయ్యి. వదలడం, పట్టుకోవడం అని అతనేదో అన్నాడని డిజైను మార్చేస్తారా ఎవరైనా? అతనికేం తెలుసు మావయ్యా? ఈ పని తెలిసిన డాక్టరు ఎవరైనా చెప్పి ఉంటే ఆలోచించేవాళ్లం.

నాకు కోపంగా ఉంది. అయినా అత్తయ్యకి నమస్కారాలు.

భారతి.


రెడ్డిగూడెం,
21-3-1987.

చి. భారతికి,

నీ ఉత్తరం చదివి నేనూ కోపం తెచ్చుకుందామని రెండు రోజులు ప్రయత్నించాను. మధ్యాహ్నం కాఫీ లేనందువల్ల శక్తి చాలలేదు.

ఆ కుర్రాడు తిండి మానేశాడని రాశావు కదా, పాపం తగిలింది నాకే అని బాపులపాడు వెళ్లాను, వాళ్ల నాన్నకి ధైర్యం చెబుదామని. "మా మేనకోడలు విజయవాడలో డాక్టరీ చదువుతోందండీ, మీ అబ్బాయి గురించి దిగులుపడుతోంది" అన్నాను. అంతే. లోపలి నుంచి సున్నుండలు వచ్చాయి, జంతికలు వచ్చాయి, వాళ్ల మేనత్త వచ్చింది. నీ నక్షత్రం అడిగారు. నేను సున్నుండలు తిన్నాను. తింటే ఒప్పుకున్నట్టు అవుతుందా? కొంచెం కనుక్కుని రాయి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. తిరుగు ప్రయాణంలో హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడితే నా పక్కన ఒక పెద్దమనిషి. తెల్లపంచె, ముక్కుమీదికి జారిన కళ్లజోడు. నా సంచిలోంచి వేళ్లు కనిపించి, "ఎవరు చేశారండీ ఈ చెయ్యి?" అన్నాడు. ఆయన డాక్టర్ నారాయణరావుగారట! ముప్పై ఏళ్లు ఎక్కడెక్కడో దేశాల్లో చేతులూ కాళ్లూ పోయినవాళ్లకి కొత్తవి అమర్చి, రిటైరై, మన పక్కనే ఒక తోటలో విశ్రాంతి తీసుకుంటున్నాడట. చూశావా నీ అదృష్టం! డాక్టరు కావాలని నువ్వు రాయడమేమిటి, బస్టాండులో దొరకడమేమిటి!

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "పిల్లలు తెలివైనవాళ్లే. కానీ వాళ్లు చేతిని చూసి చెయ్యి చేశారు. పనిని చూసి చెయ్యాలి. ఆ మనిషికి కావలసింది ఐదువేళ్లు కాదు. గెడ లోపల జారాలి, తిరగాలి, లాగినప్పుడు మాత్రం బిగుసుకోవాలి. దానికి ఒక కడియం చాలు, సగానికి తెరుచుకునేది. లోపల రబ్బరు వద్దు, చెమటకి ఒళ్లు ఒరుసుకుంటుంది. ఎద్దు మెడపట్టెడకి వేసినట్టు మెత్తటి పాతగుడ్డ మడతలేసి కుట్టండి. అన్నిటికంటే ముఖ్యం, పట్టుకోవడం సులువు, వదలడం రావాలి."

ఇంత చెప్పి ఆయన బస్సెక్కేశాడు. ఫీజు కూడా అడగలేదు.

నీ మావయ్య,
బసవపున్నారావు.


విజయవాడ,
30-3-1987.

ప్రియమైన మావయ్యకి,

నీ మీద కోపం పోయింది. ఎంత మంచి డాక్టరుగారు దొరికారు! "చేతిని చూసి చెయ్యి చేశారు, పనిని చూసి చెయ్యాలి" అన్న మాట వెంకటకృష్ణారావు అట్టమీద రాసి వర్క్‌షాపు గోడకి అంటించాడు. అన్నం కూడా తింటున్నాడు. ఇంత చిన్న విషయం మాకెందుకు తట్టలేదా అని ఇద్దరం సిగ్గుపడ్డాం. అనుభవం అంటే అదే కదా.

ఇంకో విశేషం. మా ప్రొఫెసర్ గారికి చెబితే, "ఏ నారాయణరావు? లండన్‌లో నాకు రెండేళ్లు సీనియర్. పొడుగ్గా ఉంటాడు, కాస్త పొగరు. ఆయనేనా?" అన్నారు! ఒకసారి ఆయన్నడిగి రాయి.

కడియం చెయ్యి తయారుచేసి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాం. ఈసారి చెక్కపెట్టెలో పెట్టి, పైన "ఇనప సామాను" అని రాశాం. తెరవడానికి ఎడమచెయ్యి అక్కర్లేకుండా, పళ్లతో పట్టుకునే తాడు ఒకటి పెట్టాం. తాడు లాగితే కడియం తెరుచుకుంటుంది. ఇది సరైన పద్ధతేనా అని డాక్టరుగారిని అడుగు. ఏ పుస్తకంలో చూడాలో కూడా అడుగు.

సున్నుండలు ఎన్ని తిన్నావు? వాళ్ల నాన్నగారు మా నాన్నకి ఉత్తరం రాశారు. నాన్న నాకు రాశారు. నేను వెంకటకృష్ణారావుతో మూడు రోజులు స్క్రూల గురించి తప్ప ఏమీ మాట్లాడలేకపోయాను. ఇదంతా నీవల్లే.

భారతి.


రెడ్డిగూడెం,
10-4-1987.

చి. భారతికి,

డాక్టర్ నారాయణరావుగారిని అడిగాను. పొడుగూ సరిపోయింది, పొగరూ సరిపోయింది. ఆయనే. మీ ప్రొఫెసర్ గారికి ఆయన గురించి నాకంటే ఎక్కువ తెలిసినట్టుంది, సంతోషం. ఏ పుస్తకంలో చూడాలి అంటే, "పేజీ తిప్పడానికి పది వేళ్లూ ఉన్నవాళ్ల కోసం రాసిన పుస్తకాల్లో ఇది ఉండదు" అన్నాడు. చూశావా పొగరు?

సున్నుండలు ఆరు.

కడియం చాలా బాగుంది. గెడ జారుతోంది, తిరుగుతోంది, లాగితే బిగుస్తోంది. తాడు దగ్గరే వచ్చింది చిక్కు. కాయ దించేటప్పుడు కోతగాడు "దిగుతోందో!" అని కేకెయ్యాలి, కిందవాళ్లు పక్కకి తప్పుకోవాలి. పళ్లమధ్య తాడు పెట్టుకుని పెద్దిరాజు కేకేస్తే "హుమ్మో!" అని వచ్చింది. కింద గడ్డి పరుస్తున్న సవరమ్మ తోటలోకి ఎద్దు జొరబడిందనుకుని చీపురు తీసుకుని పరిగెత్తింది. కేక కోసం నోరు తెరిస్తేనేమో తాడు పోతుంది. అదీగాక పెద్దిరాజుకి ముందుపళ్లు రెండు లేవు. ఇది మీరు కొలతల్లో అడగలేదు, నేను రాయలేదు.

డాక్టరుగారు పక్కతోటలో పచ్చడికాయ దించుతుంటే ఒక పూటంతా చెట్టుకింద కూర్చుని చూశాడు. చూసి చెప్పింది ఇది. "చెట్టుమీద కోతగాడు నిండిన గంపని కిందికి ఎలా దించుతాడో గమనించారా? తాడు వీపు చుట్టూ తిప్పి ఎడమభుజం మీదుగా వేసుకుంటాడు. భుజం ఎగరేస్తే తాడు మూరెడు జారుతుంది, భుజం దించితే ఆగుతుంది. చేతులు కొమ్మని పట్టుకునే ఉంటాయి. ఇరవై ఏళ్లుగా ఆ భుజానికి వదలడమూ తెలుసు, ఆపడమూ తెలుసు. తెలిసిన భుజాన్ని వదిలేసి తెలియని పళ్లకి నేర్పుతారేం? కడియం నుంచి తీగ భుజానికి కట్టండి."

ఇదీ సంగతి. తొలికోతకి ఇరవై రోజులే ఉంది. అప్పారావు మేస్త్రి పెద్దిరాజు చోటుకి మన ఊరి కుర్రాణ్ణి ఒకణ్ణి అప్పుడే చూసిపెట్టాడు. కబుర్లు తగ్గించి తీగ కట్టండి. స్క్రూల గురించైతే ఎంతసేపైనా మాట్లాడుకోండి.

నీ మావయ్య,
బసవపున్నారావు.


విజయవాడ,
22-4-1987.

ప్రియమైన మావయ్యకి,

మూడో చెయ్యి పంపుతున్నాం. సైకిలు బ్రేకు తీగ వాడాం. గొట్టం లోపల తీగ, వీపుమీద నవారు పట్టీ, ఎడమభుజానికి ఒక ఉచ్చు. భుజం ఎగరేస్తే కడియం తెరుచుకుంటుంది, దించితే మూసుకుంటుంది. వెంకటకృష్ణారావు తన చెయ్యి వెనక్కి కట్టుకుని తనే వేసుకుని చూశాడు. గంటసేపు భుజాలు ఎగరేస్తూ హాస్టలంతా తిరిగాడు. ఏదడిగినా "నాకేం తెలుసు" అంటున్నట్టే ఉంది చూడ్డానికి. కానీ పనిచేస్తోంది మావయ్యా, నిజంగా పనిచేస్తోంది!

ప్రదర్శన మే 17న. మాది మొదటి వరసలో పెట్టారు. నచ్చితే ఇలాంటివి పాతిక చేతులు చేయించి ఎముకల వార్డులో ఉన్నవాళ్లకి ఇస్తామని పెద్దలు మాటిచ్చారు. మా ప్రొఫెసర్ గారు డాక్టర్ నారాయణరావుగారిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పాలన్నారు. ఆహ్వానపత్రికలో ఆయన పేరు మా పేర్లకంటే పైన వేస్తున్నారు. నువ్వే స్వయంగా ఆయన్ని తీసుకురావాలి. మా ప్రొఫెసర్ గారు పాత స్నేహం గురించి పది నిమిషాలు మాట్లాడతారట.

పెద్దిరాజు అలవాటు చేసుకుంటున్నాడా? అతను రానక్కర్లేదులే, ఎండలు ఎక్కువగా ఉన్నాయి. ఫోటో ఒకటి తీయించి పంపితే చాలు.

భారతి.


రెడ్డిగూడెం,
2-5-1987.

చి. భారతికి,

నిన్న తొలికోత జరిగింది. ఈ ఒక్క ఉత్తరంలో హాస్యం వెతక్కు.

పొద్దున్నే ముఠా అంతా పెద్దరసం చెట్టు దగ్గర చేరింది. పెద్దిరాజు ఆఖరిన నిలబడ్డాడు. అప్పారావు పేర్లు పిలిచాడు, అతని పేరు పిలవలేదు. అందరివీ అయ్యాక పెద్దిరాజు తనే ముందుకొచ్చి గెడ తీసుకున్నాడు. ఆడవాళ్లు గడ్డి పరవడం ఆపేశారు.

ఒకటి, రెండు, మూడు. భుజం ఎగరడం, గెడ జారడం, భుజం దిగడం, గెడ ఆగడం. "దిగుతోందో!" అని కేక. రెండేళ్ల తర్వాత ఆ కేక. ఎనిమిది దాకా లెక్కపెట్టినట్టు దిగాయి. తొమ్మిదో కాయ గుత్తిలోది. కత్తి తగిలేసరికి పక్క కాయ కూడా తెగి సంచి అంచున పడింది. గెడ ఒక్కసారి పక్కకి ఒరిగింది. నాగమణి కళ్లు మూసుకుంది. నేను ఎందుకో నా భుజం ఎగరేశాను, నాకు తీగ లేకపోయినా. పెద్దిరాజు మాత్రం కంగారుపడలేదు. కడియం వదిలి, గెడని తిరగనిచ్చి, మళ్లీ పట్టాడు. రెండు కాయలూ సంచిలో ఉన్నాయి, రెండింటికీ తొడిమలున్నాయి. మళ్లీ గెడ ఎత్తి పదోసారి ఇంకొకటి దించాడు.

అప్పారావు కాయలన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. "పది అడిగితే పదకొండు దించావేంరా, లెక్క రాదా?" అన్నాడు. తర్వాత పెద్దిరాజు పేరు పిలిచాడు. గట్టిగా, పక్కతోట దాకా వినపడేలాగ. ఆ కుర్రాణ్ణి గంపలు మొయ్యడానికి పెట్టుకున్నాడు.

డాక్టర్ నారాయణరావుగారు ప్రదర్శనకి రాలేకపోవచ్చు. కాశీ వెళ్లాలంటున్నాడు. పెద్ద వయసు కదా, మనసు అటు లాగుతుంది. శాలువా నాకు పంపిస్తే అందజేస్తాను.

నీ మావయ్య,
బసవపున్నారావు.


తంతి. విజయవాడ నుంచి.
9-5-1987.

కాశీ ప్రయాణం ఆపించు. ఆహ్వానాలు అచ్చయినవి. ప్రొఫెసర్ ఉపన్యాసం సిద్ధం. డాక్టర్ గారు రాకున్న నేనే వచ్చి తీసుకువెళ్లెదను. భారతి.


రెడ్డిగూడెం,
16-5-1987.
(పోస్టులో వెయ్యలేదు. సుబ్బారావుగారికి ఇది చదివే అదృష్టం లేదు.)

చి. భారతికి,

కాశీ ప్రయాణం ఆపించాను. నువ్వు కోరిన మనిషిని పంపించాను. ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషే ఆయన. పంచె నాది, ఇస్త్రీ మీ అత్తయ్యది, పక్కనున్నది ఆయన భార్య నాగమణి. నేను రాలేదు, ధైర్యం చాలక.

అమ్మడూ, ఇప్పుడు కోప్పడకుండా నిలబడి చదువు. ప్రదర్శనకి ఇంకా గంట టైముంటుంది, పొద్దున మొదటి బస్సుకే ఎక్కించాను.

"వదలడం రావాలి" అన్న మాట నీకు మార్చి మూడో తారీకునే రాశాను, పెద్దిరాజు పేరుతో. "అతనికేం తెలుసు" అన్నావు. అదే మాటకి కళ్లజోడు తగిలించి, హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కించి పంపితే గోడకి అంటించారు. కడియం అతను చెప్పిందే. పాతగుడ్డ మడతలు అతను చెప్పినవే. భుజం అతనిదే, ఆ ఆలోచన కూడా ఆ భుజానిదే. పక్కతోటలో చెట్టుకింద ఒక పూటంతా కూర్చుని చూసింది అతనే. గోడకి అంటించిన మాటకి ఇంగ్లీషు చదువు వాసన కాస్త పట్టించాను గానీ, అతను నాతో అన్నది ఇది: "నా చేతిని చూశారండి పాపగారు, నా పని చూడలేదు." పుస్తకాల పేజీల సంగతి ఒక్కటే నాది. పొగరు కూడా నాదే.

నిన్ను అని ఏం లాభం? ఏడాదిపాటు నా కళ్లెదురుగా గడ్డి దులుపుతుంటే జాలిపడ్డాను తప్ప, "ఏం చేస్తే మళ్లీ కాయ దించగలవు?" అని నేనూ ఒక్కసారి అడగలేదు. మీరు ఆ రబ్బరుచెయ్యి పంపబట్టి అతను నోరు తెరిచాడు. అది పనికిరాకపోవడమే పనికొచ్చింది. వెంకటకృష్ణారావుకి ఈ మాట చెప్పు, వంకాయ కూర తింటాడు.

మొన్న మీ ఆహ్వానపత్రిక వచ్చాక పెద్దిరాజుని కూర్చోబెట్టి అంతా చెప్పేశాను, నువ్వు రెండు నెలలుగా లండన్ డాక్టరువిరా అని. కాసేపు నా మొహం చూశాడు. "పొడుగ్గా ఉంటానని కూడా రాశారా అండి?" అన్నాడు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు. అరుగు పట్టుకుని, కళ్లు తుడుచుకుని, ఆగి మళ్లీ నవ్వాడు. నాగమణి పరిగెత్తుకొచ్చింది ఏమైందోనని. ఏడాదికి పైగా వేసిన పరాచికాల్లో ఒక్కటి పేలింది. నాకు చాలు. ఇకమీదట నేను రిటైరయినా ఫర్వాలేదు.

శాలువా ఎవరికి కప్పాలో నువ్వు తేల్చుకో. పత్రికలో అచ్చయిన పేరు ఎలా దిద్దాలో కూడా నువ్వే చూసుకో, డాక్టరువి కాబోతున్నావు. పాతిక చేతులు చేయించేటప్పుడు పాతికమందినీ ముందు అడగమని మాత్రం వేదిక మీద చెప్పు. ఇక మీ ప్రొఫెసర్ గారు లండన్‌లో రెండేళ్లు చూసిన మనిషిని ఇప్పుడు ఎదురుగా చూసి గుర్తుపడతారో లేదో నాకు వెంటనే రాయాలి. దానికోసం మధ్యాహ్నం అనే పూటని మళ్లీ అమల్లోకి తెచ్చి, పోస్టు వచ్చేవేళకి అరుగుమీద కూర్చుంటాను.

కవరు మీద "లాగొద్దు, ఒక్క క్షణం ఆగు" అని పెద్దక్షరాలతో రాశాను, చూశావో లేదో. ఆగి ఉంటే అతని ఎడమభుజం పైకి లేవడం, కడియం తెరుచుకోవడం, ఈ కవరు దానంతట అదే నీ చేతిలోకి రావడం చూసే ఉంటావు.

చెట్టు నిజం, చెయ్యి నిజం, దించిన పదకొండు కాయలూ నిజం. డాక్టర్ నారాయణరావు అనే మనిషి మాత్రం లేడు. హనుమాన్ జంక్షన్‌లో ఆ రోజు నా పక్కన నిలబడింది ఒక గేదె.

నీ మావయ్య,
బసవపున్నారావు.